ఆకు రాలితే బడికెళ్లే అప్ప

మా మనవరాలు వెన్నెముకల వైద్యురాలు. కైరోప్రాక్టర్ అంటారట. ఆ మాట నా కట్టుడు పళ్లకు తిరగదు కాబట్టి ఎవరైనా అడిగితే "మా గుంట ఎముకలు సర్దుతాది" అని చెబుతాను. ఆమెకు కోపం వస్తుంది. "తాతా, అంతే కాదు లా!" అంటుంది, మా మలాయ్ దేశంలో ప్రతి మాటకూ తోకలా తగిలే ఆ "లా"తో. చదువు అయిపోయింది, సుంగై పెటానిలో చేతినిండా పనుంది, అయినా ఏటేటా మళ్లీ చదువుకు పోతూనే ఉంటుంది. ఈసారి సైబర్‌జయలో వారాంతపు తరగతులు, నరాల గురించీ ఆటల్లో తగిలే దెబ్బల గురించీ. అంత దూరం ఒక్కతే కారు నడుపుకుంటూ ఎందుకని నేనూ బయల్దేరాను. నిజం చెప్పాలంటే ఇంట్లో ఉంటే కోడలు నన్ను పొద్దునా సాయంత్రం నడిపిస్తుంది. తప్పించుకుందామని వెళ్లాను.

తరగతిలో వెనక కుర్చీలో కునుకు తీస్తుంటే పాఠం చెప్పే ఆయన కన్ను నా మీద పడింది. పరీక్ష చేసి చూపించడానికి ఒక ముసలి కాలు కావాలట. వద్దనడానికి నాకేం నొప్పి? వెళ్లి బల్ల మీద పడుకున్నాను. ప్యాంటు మోకాలి దాకా మడిచారు. ఆయన చేతిలో చిన్న దూదిపోగు పట్టుకుని, "కళ్లు మూసుకోండి, తగిలినప్పుడు చెప్పండి" అన్నాడు ఇంగ్లీషులో.

కళ్లు మూసుకున్నాను. దూది ఇంకా తగలనేలేదు, నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. క్లాసంతా కంగారుపడింది. నొప్పేమో అనుకున్నారు పాపం. నొప్పి కాదు, మా అప్ప గుర్తొచ్చింది.

బటాంగ్ బెర్జుంటై దాటి లోపలికి పోతే రబ్బరు తోటల మధ్య మా కూలీ లైన్లు, అంటే కూలీల ఇళ్ల వరసలు, ఉండేవి. అప్ప అక్కడ పాలు గీసే మనిషి. పొద్దున్నే చెట్లకు గీత పెట్టేది, మధ్యాహ్నం పాలు అప్పగించి వచ్చి, నీళ్లు పోసుకుని ఇంటిమెట్టు మీద కూర్చునేది. అప్పటికే అక్కడ బెణికినవాళ్లు, విరిగినవాళ్లు, ఊరికే కబుర్లకొచ్చినవాళ్లు పోగై ఉండేవారు. మా తాతలు విశాఖపట్నం దిక్కు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు కాబట్టి అక్కను అప్ప అనడం మాకు అలవాటు. నాకు వరసకు పెద్దమ్మ కావాలి. కానీ లైన్లలో నడక నేర్చే పిల్ల దగ్గర్నుంచి కాటికి కాళ్లు చాపిన ముసలి దాకా అందరికీ ఆమె అప్పే. పక్క లైను తమిళులకు అప్పా అంటే తండ్రి. ఆడమనిషిని పట్టుకుని నాన్నా అంటారేమిటి వీళ్లు అని మొదట్లో నవ్వేవారు. తర్వాత వాళ్లకూ మోకాళ్లు జారాయి, వాళ్లూ అలాగే పిలిచారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మా లైన్లలో చెల్లలేదు.

పొట్టి మనిషి. చేతులు మాత్రం ఎవరో పెద్దమనిషివి అరువు తెచ్చుకున్నట్టు ఉండేవి. వచ్చినవాణ్ణి నొప్పి ఎక్కడ అని ముందు అడిగేది కాదు. "నీ సెప్పులు ఇలా పడీ" అనేది. తిరగేసి, ఏ పక్క అరిగాయో చూసేది. "ఆ కొళాయికాడికెల్లి తిరిగి రా" అని నడిపించేది. నడుస్తుంటే వెనక నుంచి చూస్తూ తనలో తాను ఏదో గొణుక్కునేది. "కన్ను ముందెల్లాలి, సెయ్యి ఎనకాలెల్లాలి" అనేది. ఆ తర్వాత చేతులు కడుక్కుని చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకునేది. ఆ చేతులు వెచ్చబడేదాకా మనం నోరు మూసుకుని కూర్చోవాలి, లేకపోతే తిట్లు.

ముట్టుకునే ముందు ఈక. వాకిట్లో తిరిగే కోళ్ల నుంచి రాలిందే, చూరులో గుచ్చి ఉండేది. "కల్లు మూసుకో బాబూ. తగిల్తే సెప్పు" అని చర్మం మీద మెల్లగా గీసేది. అంతటా తెలిసిందా, సరే, నూనె తెచ్చేది. ఎక్కడన్నా తెలియలేదా, చెయ్యి వెనక్కి తీసేసుకునేది. ఇక ఎంత బతిమాలినా ముట్టుకునేది కాదు. "నరం సంగతి నాకు తెల్దు. ఆసుపత్రికెల్లు" అనేది. కొందరు దీన్ని పొగరన్నారు, కొందరు భయమన్నారు. "తెలీందాన్ని తెల్దంటే నోరేటి అరిగిపోద్దా?" అనేది అప్ప.

ఇంకొకటి ఆమె బడి. రబ్బరు చెట్లు ఏడాదికోసారి ఆకంతా రాల్చి మోడులై నిలబడతాయి. పాలు తగ్గుతాయి, పని పలచబడుతుంది. మిగతావాళ్లు ఆ రోజుల్లో చేపలు పట్టేవారు, పెళ్లిళ్లు చేసేవారు, తాగి తన్నుకునేవారు. అప్ప ఉతికిన చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని "బడికెల్తన్నాను" అని బయల్దేరేది. అక్షరం ముక్క రాదు ఆమెకు. ఒక ఏడు మలాయ్ పల్లెలో బాలింతలకు ఒళ్లు పట్టే అవ్వ దగ్గర కూర్చుంది. ఇంకో ఏడు పట్నంలో ఎముకలు కట్టే చీనా వైద్యుడి దుకాణంలో. అతన్ని సిన్సే అనేవాళ్లు. మరో ఏడు మా ఎస్టేట్ డిస్పెన్సరీలో గాయాలకు కట్లు కట్టే డ్రెస్సర్ వెనకాలే తిరిగింది. నరం బాగుందో లేదో డాక్టర్లు దూదితో గీసి చూస్తారని చెప్పింది ఆ డ్రెస్సరే. అప్ప దాన్ని పట్టుకుంది. "దూది ఆయన బీరువాలో ఉంతాది. ఈక మన వాకిట్లో ఉంతాది" అంది.

మా మేనమామ కంగాణి. కూలీల మీద అజమాయిషీ ఆయనది, నోటి దురుసూ ఆయనదే. ఒకసారి మెట్టు దగ్గర అందరి ముందూ, "ఇంతమందికి నయం సేసినావు, ఇంకా ఏటి నేర్సుకుంతావప్పా? వెయ్యిమందిని సంపినోడు అర వైద్దుడంటారు. నువ్వొక్కర్నీ సంపనేదు, మరి నువ్వేటి వైద్దురాలివి?" అని వేళాకోళం చేశాడు. అందరం పగలబడి నవ్వాం. అప్ప నవ్వలేదు. లోపలికెళ్లి దువ్వెన తెచ్చుకుని చెల్లెలి వెనక కూర్చుంది.

ఆ చెల్లెలు అప్ప ఇంట్లోనే ఉండేది. మేం చిన్నమ్మ అనేవాళ్లం. పాల డబ్బాలు కావిడితో మోస్తూ జారిపడి కుడిచెయ్యి పోయిందని చెప్పేది. ఆ చెయ్యి నడుము దాటి లేచేది కాదు. సాయంత్రం మెట్టు దగ్గర రోగులు ఎంతమంది ఉండనీ, ఎంత మొత్తుకోనీ, అప్ప చెల్లెలి తల దువ్వి ముడి వేశాకే మళ్లీ వాళ్ల మొహం చూసేది. చిన్నమ్మ కళ్లు మూసుకుని దర్జాగా కూర్చునేది. "గట్టిగా లాక్కే అప్పా" అనేది. "లాగనేదే" అనేది అప్ప. రోజూ అదే మాట, అదే జవాబు.

అవి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న తిరుగుబాటువాళ్లకు తిండి అందకూడదని మా లైన్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. గేటు దాటి గింజ బయటికి పోకూడదు. పనికి పోయేవాళ్ల దగ్గర నీళ్లసీసా తప్ప ఏమీ ఉండకూడదు. అనుమానం వస్తే లారీ ఎక్కించి తీసుకుపోయేవారు. అందరి బాధా ఒకటైతే అప్ప బాధ వేరు. ఆమె కట్టు కట్టేది మినప్పిండితో, కోడిగుడ్డు తెల్లసొనతో. రెండూ తిండే కదా!

సిన్సేను కూడా మరో కంచె లోపలి కొత్త గ్రామానికి తరలించారు. ఆ ఏడు ఆకు రాలింది. ఇప్పుడేం బడి, ప్రాణాల మీదికి తెచ్చుకుంటావా అని అందరూ అన్నారు. అప్ప అనుమతి చీటీ సంపాదించి, తన కట్టు సిన్సేకు చూపించి అతని కట్టు నేర్చుకోవాలని, పిండీ గుడ్లూ మూట కట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. నేను కొత్తగా పనిలో చేరాను, వరసలో ఆమె వెనకే ఉన్నాను. మూట విప్పిన మలాయ్ కానిస్టేబుల్ కుర్రవాడి మొహం మారిపోయింది.

"ఎవరికి ఇవి?"

"ఇరిగిన ఎముకలకి" అంది అప్ప, తనకొచ్చిన మలాయ్‌లో.

"ఎముకలు గుడ్లు తింటాయా?"

వరసంతా బిగుసుకుపోయింది. అప్ప మాత్రం అక్కడే గొంతుక్కూర్చుంది. డబ్బాలో పిండి పోసింది, గుడ్లు కొట్టింది, బొడ్లో దోపుకున్న సీసా తీసి ఘాటైన కర్పూరం నూనె కలిపింది. కలిపి, డబ్బా అతని ముక్కు దగ్గర పెట్టి, "ఇప్పుడు తిను సూద్దాం" అంది. కుర్రవాడు తుమ్మాడు, తుమ్మి నవ్వాడు, నవ్వి వదిలేశాడు. సాయంత్రం తిరిగొచ్చాక ఏమైందని అడిగాం. "ఏటవుద్ది, దారిలోనే రాయైపోయినాది. సిన్సే సుత్తి తెచ్చినాడు" అంది. డబ్బా పక్కన పెట్టి, "ఆడూ అదే సెప్పినాడు. మొద్దుబారిందాన్ని లాగొద్దని" అంది. ఆ మాట అంటూ చిన్నమ్మ వైపు చూడడం మాత్రం నాకు గుర్తుంది.

మెర్డెకా, అంటే మాకు స్వాతంత్ర్యం, వచ్చే ఏడు నేను మా ఎస్టేట్ ఫుట్‌బాల్ జట్టులో గోల్ కొట్టేవాణ్ణి. గొప్ప చెప్పుకోవడం కాదు, అడగడానికి ఇప్పుడెవరూ మిగల్లేదు కాబట్టి నమ్మండి. స్వాతంత్ర్యం రోజున పక్క ఎస్టేట్‌తో ఆట. దాని కోసం లైన్లన్నీ పండగకు కాచుకున్నట్టు కాచుకున్నాయి. దానికి కొన్నాళ్ల ముందు, సాధనలో ఎవడిదో బూటు నా మోకాలి పక్కన తగిలింది. పడ్డాను, పడడంలో చీలమండ మడతపడింది. లేచి చూస్తే పాదం పైకి లేవదు. నడిస్తే వేళ్లు నేలకు రాసుకుంటున్నాయి. చీలమండ బూరెలా పొంగింది కాబట్టి అందరూ బెణుకే అన్నారు. నేనూ అదే అనుకున్నాను. అప్ప లాగితే పోతుందని నన్ను ఎత్తుకొచ్చి మెట్టు దగ్గర దింపారు. లైన్లలో సగం మంది వెనకే వచ్చారు.

"బేగి లాగి కట్టీ అప్పా" అన్నాడు మామ. "ఆట దగ్గరికొచ్చినాది."

అప్ప నన్ను నడిపించి చూసింది. మళ్లీ నడిపించింది. కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. అరికాలి మీద ఈక తెలిసింది, చక్కిలిగిలి పుట్టింది. తర్వాత ఎంతసేపటికీ ఏమీ లేదు. "మొదలెట్టప్పా" అన్నాను. కళ్లు తెరిచాను. ఈక నా పాదం మీదే ఉంది.

అప్ప చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాను ముట్టుకోను. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెల్లండి."

"ఒక్క బెణుక్కి ఆసుపత్రేటి?" అని నేను అరిచాను. నా ఆట నాకు పోతోంది. ఆ కోపంలో ఏమన్నానో అంతా గుర్తులేదు.

"దెబ్బ మోకాలికాడ తగిలినాది. పాదమెందుకు మొద్దుబారినాదో నాకు తెల్దు. తెల్దు కాబట్టే ముట్టుకోను."

జనంలో ఎవరో "అప్ప సెయ్యి పోయినాది" అన్నారు. మామ లేచి, "సర్లే, పక్క ఎస్టేట్ వైద్దుణ్ణి పిలిపిస్తాను. ఆడు ఒక్క లాగు లాగితే కాలు సక్కబడద్ది" అన్నాడు. నేనూ ఆ మాటకే తలూపాను. అప్పుడు అప్ప నిలబడింది.

"సెల్లీ, ఇలా రా."

చిన్నమ్మ వచ్చింది, జుట్టు సగం దువ్వి ఉంది.

"సెయ్యెత్తు."

"వొద్దప్పా."

"ఎత్తే."

చెయ్యి నడుము దాకా లేచి, వణికి, ఆగిపోయింది.

"ఇది జారిపడితే పోయిన సెయ్యి కాదు" అంది అప్ప. గొంతు పెంచలేదు. "కావిడి మోసి మోసి సెయ్యి తిమ్మిరెక్కినాదని నా దగ్గరకొచ్చినాది. కావిడి మోసినోలందరికీ బుజం జారుద్ది కదా, ఇదీ అదేననుకున్నాను. కాలు తన్నిపెట్టి లాగినాను. ఆవేల పడిపోయిన సెయ్యి మల్లీ లేవనేదు. నా పరువు పోద్దని ఇది జారిపడ్డానని ఊరంతా సెప్పుకుంది. నాను నోరు మూసుకున్నాను. ఇప్పుడు సెప్పండి, ఈ గుంటడి కాలు లాగమంతారా?"

చిన్నమ్మ తల వంచుకుని ఏడుస్తోంది. మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పాల లారీ ఎన్నింటికి?" అని అడిగాడు.

లారీలో అప్ప కూడా వచ్చింది. పెద్దాసుపత్రిలో డాక్టరు నా మోకాలి పక్కన తడిమి, నరం తెగలేదు, నలిగింది అన్నాడు. లాగకుండా, బిగించి కట్టకుండా తెచ్చి మంచి పని చేశారన్నాడు. పాదం వేలాడకుండా ఒక బద్ద కట్టించాడు. నెలలు పడుతుందన్నాడు. నేను ఆట పోయిందని ఏడుస్తుంటే అప్ప డాక్టరును వదలడం లేదు. మోకాలికాడ తగిలితే పాదమెందుకండీ అని, తనకొచ్చిన తమిళంలో, అడిగిందే అడుగుతోంది. పాపం మంచివాడు, ఆయనా తమిళంలోనే చెప్పి, ఆమె మోకాలి బయటి పక్క ఎముక కింద నరం ఎక్కడుందో ఆమె వేలితోనే నొక్కించాడు. జిల్లుమని పాదం దాకా దిగింది కాబోలు. ఆ మొహం చూడాలి! పరువు పోగొట్టుకున్న రోజున మనిషి అలా వెలిగిపోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. తిరుగుదారిలో లారీలో ఉన్నవాళ్లందరి మోకాళ్లూ నొక్కింది. డ్రైవరు మోకాలూ నొక్కింది. లారీ కాలవలోకి దిగబోయి ఆగింది.

ఆ తర్వాత కొన్నాళ్లు మెట్టు ఖాళీగా ఉంది. సొంత చెల్లెలి చెయ్యి పాడుచేసిన మనిషి దగ్గరకు ఎవరొస్తారు? పక్క ఎస్టేట్ వైద్యుడికి గిరాకీ పెరిగింది. అప్ప ఏమీ అనుకోలేదనను. ఆ చేతులను ఒళ్లో పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలియనట్టు కూర్చునేది. నాకది చూడాలనిపించేది కాదు.

మెర్డెకా రోజున బద్ద కట్టిన కాలు బల్ల మీద చాపుకుని ఆట చూశాను. అప్ప నా పక్కనే కూర్చుంది. లౌడ్‌స్పీకరులో "మెర్డెకా" అన్నప్పుడల్లా మైదానమంతా అరిచింది. మలాయ్‌లు, చీనావాళ్లు, తమిళులు, మేము, అందరం. నేను లేకుండానే మావాళ్లు గెలిచారు. ఓడిపోయి ఉంటే కాస్త బాగుండేది. నా మొహం చూసి అప్ప, "దేశానికి సొతంత్రం వొచ్చినాది. నీ కాలిక్కూడా వొస్తాది. కాకపోతే దానికి తారీకు రాసిపెట్టిలేదు" అంది.

తారీకు లేని ఆ రోజు కోసం వారం వారం ఈక తీసేది. "నీ కాలే నాకీయేడు బడి" అనేది. డాక్టరు దగ్గరికి వెళ్లొస్తే ఆయనన్న ప్రతి మాటా చెప్పాలి, ఒక్కటి మరిచిపోయినా తిట్టేది. ఒకసారి నేను ఆత్రంకొద్దీ, "ఆ, తెలిసినాది!" అని అరిచాను. "అబద్దం. ఈక నా సేతిలోనే ఉంది" అంది. కళ్లు తెరిస్తే నిజంగానే ఎత్తి పట్టుకుని ఉంది. "నాను సంతోసపడతానని సెప్పకు. తెలిస్తేనే సెప్పు." ఆ తర్వాత చాలా రోజులకు, మళ్లీ చెట్లు ఆకు రాల్చే కాలానికి, పాదం మీద చీమ పాకినట్టయింది. అబద్ధమవుతుందేమోనని భయపడి నోరు విప్పలేదు. అప్పే అంది: "తెలిసినాది కదూ? నీ బొటనేలు కదిలినాది." అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

మరుసటేడు మళ్లీ ఆడాను. మెట్టు మళ్లీ నిండింది. అయితే వచ్చినవాళ్లతో అప్ప, "ముందు నా సెల్లి సెయ్యి సూడు. ఆనక నీ కాలు సూపించు" అనడం మొదలెట్టింది. అందరికీ చెప్పేది, ఎవర్నీ వదిలేది కాదు. చిన్నమ్మ విసుక్కునేది. "నా సెయ్యి ఎగ్జిబిసన్ అయిపోయినాది" అనేది. విసుక్కుంటూనే ఎత్తి చూపించేది.

సైబర్‌జయ నుంచి తిరిగొస్తుంటే కారులో ఇదంతా మనవరాలికి చెప్పాను. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటమే తక్కువ. రోడ్డు వైపే చూస్తూ, "అప్ప పోయాక సిన్నమ్మకి జుట్టు ఎవరు దువ్వినారు, తాతా?" అని అడిగింది. ఎంతమందికి ఈ కథ చెప్పానో, ఆ ప్రశ్న అడిగింది ఇదొక్కతే.

అప్ప పోయిందని తెలిసేసరికి నేను సుంగై పెటానిలో ఉద్యోగంలో ఉన్నాను. వెళ్లేసరికి కార్యం కూడా అయిపోయింది. చిన్నమ్మ ఒక్కతే మెట్టు మీద కూర్చుని ఉంది. తలంటుకుని జుట్టు విరబోసుకుంది. తల దువ్వడానికి లైన్లలో ఎవరినైనా ఆడవాళ్లను పిలుద్దామని అటూ ఇటూ చూస్తున్నాను. ఈలోగా చిన్నమ్మ ఎడమచేత్తో దువ్వెన తీసుకుంది. చకచకా దువ్వింది. జుట్టును ఆ ఒక్క చేతికే చుట్టి, మెలితిప్పి, ముడి వేసి, పళ్లతో పట్టుకున్న పిన్ను తీసి గుచ్చింది. అప్ప వేసిన ముడి కన్నా నున్నగా ఉంది.

"ఎప్పుడు నేర్సుకున్నావు సిన్నమ్మా?" అన్నాను.

"సెయ్యి పోయిన యేడే" అంది చిన్నమ్మ. "నాను దువ్వుకుంటే అప్ప సేతులేటైపోతాయి బాబూ?"